సామాన్ల గదిలో కాపురం

ఎండాకాలమంతా ఇంటికి ఒక్క గదే చల్లగా ఉంటుంది. ఎక్కువమంది మనుషులు ఏ గదిలో ఎక్కువసేపు ఉంటే ఇల్లు ఆ గదినే చల్లబరుస్తుంది. కుక్కలూ పిల్లులూ దాని లెక్కలోకి రావు.

రామగుండంలో మల్లవ్వ పెంచుకునే పిల్లి ఆ పొద్దున సామాన్ల గదిలో, ఇత్తడి బిందెల వెనక ఈనింది. గది పొయ్యిలా ఉంది. పిల్లి నోరు తెరిచి రొప్పుతోంది.

"హాల్లకు తీస్కపోదామా అత్తమ్మా?" అంటూ కోడలు స్వరూప చెయ్యి చాపింది.

"ముట్టకు! మనిషి చెయ్యి తాకితే పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతది. బయట యాభై రెండు డిగ్రీలు. ఒక్క ఇల్లు గూడ దాటలేదు."

"మరి ఈడ బతుకుతయా?"

మల్లవ్వ బియ్యం చాట తెచ్చుకుని బిందెల పక్కనే చతికిలబడింది.

"మల్లవ్వగారూ, అందరూ హాల్లోనే ఉంటారు కదా. ఇక్కడ చల్లదనం ఉండదు," అంది ఇల్లు.

"స్వరూపా, అన్నం గిన్నె ఈడికే తే. నీ మొగుణ్ణి గూడ లేపుకరా."

కొడుకు తిరుపతి సణుగుతూనే దిండు చంకలో పెట్టుకుని వచ్చాడు. మోకాళ్లు మోకాళ్లకు తగిలేలా ముగ్గురూ సర్దుకున్నారు. గోడలు మెల్లగా చల్లబడ్డాయి. పిల్లి రొప్పడం మాని కూనలను నాకసాగింది.

"ఈ గదిలో ఎంతసేపు ఉంటారు?" అడిగింది ఇల్లు.

మల్లవ్వ బియ్యంలోంచి ఓ రాయి ఏరి పారేసింది.

"పిల్లలు కండ్లు తెరిసేదాంక."