మళ్లీ మొదలుపెట్టు

“మేడం! ఈ తాత బండి కదలనిస్తలేడు!”

వరండాలో పిల్లల గోల విని జ్యోతిరాణి పరుగున వచ్చింది.

అసలే ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని ఆ హాల్లో ఆమె మొదటిసారి పెడుతున్న సభ అది. నలుగురికి మంచి చేసిన వీడియో గేమ్‌ను మెచ్చుకుని బహుమతి ఇచ్చే సభ. అవును మరి, వీడియో గేమ్‌కే! ‘పిలగాళ్లను చెడగొట్టే గేములకు శాలువాలా?’ అని కాలేజీలో తోటి లెక్చరర్లు నవ్వారు. వాళ్లే ఇప్పుడు ముందు వరుసలో కూర్చున్నారు, ఎక్కడ తప్పు దొరుకుతుందా అని.

అన్నీ సిద్ధం. ముఖ్య అతిథే రాలేదు.

గెలిచినవాళ్లు ఎవరి పేరు చెబితే వాళ్ల చేతుల మీదుగానే బహుమతి. ఆ నియమం పెట్టింది తనే. గెలిచిన అమ్మాయి ఇక్రా, బోధన్ పిల్ల. “భూమన్న అని మా దిక్కు పెద్దమనిషి మేడం. ఒక్కడే వస్తనన్నడు” అని చెప్పింది.

పెద్దమనిషంటే కారులో వస్తాడు కదా! జ్యోతిరాణి గేటు దగ్గర కారు కోసమే కళ్లు కాయలు కాసేలా చూస్తోంది.

ఇక్కడేమో ఈ గోల.

వచ్చినవాళ్లు ఆడి చూడటానికి ఇక్రా చేసిన గేమ్‌ను వరండాలో బల్ల మీద పెట్టారు. చెరుకు ట్రాక్టరు తోలే ఆట అది. ట్రాలీ వెనక పిల్లలు ఉరికొచ్చి గడలు గుంజుతుంటారు. బండి ఆపి, దిగి, తలా ఒక గడ ఇచ్చి, వాళ్లు రోడ్డు దిగాకే కదలాలి. తొందరపడితే తెర నల్లబడుతుంది.

ఇక్రా తమ్ముడు ఆకిబ్ అట్లా గడ గుంజబోయి ట్రాలీ కింద పడి చనిపోయాడు. ఆమె ఆట ఆడినాక బోధన్ దారిలో డ్రైవర్లు నిజంగానే బండ్లు ఆపుతున్నారు.

బల్ల ముందు ఒక ముసలాయన కూర్చున్నాడు. మాసిన ధోవతి, మెడలో తువ్వాల. తెర మీద పిల్లలకు గడలిచ్చేశాడు. అయినా ట్రాక్టరు కదలదు.

“ముందుకు పోనియ్యుండ్రి బాపూ. అందరు రోడ్డు దిగిండ్రు కదా” అంది జ్యోతిరాణి.

“ఒక్కపారి ఎనుకకు వొయ్యి సూసొస్త బిడ్డా. కింద ఎవలన్న ఉంటరు.”

“ఎవరూ లేరు.”

“గట్లనే అనుకుంటం.”

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన తడబడి ఏదో నొక్కాడు. ఇంకో పిల్లవాడు గడ కోసం ఉరికొస్తుండగానే ట్రాక్టరు కదిలింది. తెర నల్లబడింది.

కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు ముసలాయన.

“అయ్యో, ఏం కాలేదు బాపూ! కింద ‘మళ్లీ మొదలుపెట్టు’ అని ఉంది చూడుండ్రి. అది నొక్కుండ్రి.”

“నొక్కితే?”

“పిల్లలు మల్ల వస్తరు.”

“అందరొస్తరా?”

“అందరొస్తరు.”

“ఎన్నిమాట్లన్న?”

“ఎన్నిసార్లైనా. ఆటే కదా!”

ఆయన నొక్కాడు. పిల్లలు మళ్లీ ఉరికొచ్చారు. ఒక్కొక్కరికీ గడ ఇచ్చాడు. ఆఖరివాడు రోడ్డు దిగేదాకా రెప్ప వేయలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఇచ్చాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోవడం లేదు.

వరుసలో పిల్లలు కాళ్లు నేలకేసి కొట్టారు. “ఇంకెప్పుడు మేడం మీ గేముల సభ?” లోపలి నుంచి ఎవరో కేక వేశారు.

జ్యోతిరాణికి ఒళ్లు మండింది.

“చాలు, లేవుండ్రి! ఇంత వయసొచ్చింది, పిల్లల నడుమ మీకేం పని? బయటికి నడువుండ్రి!”

ఆయన దిగ్గున లేచాడు. ఆమె మొహంలోకి ఒక్కసారి చూశాడు. చేతులు జోడించి, తువ్వాలతో మూతి కప్పుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.

హమ్మయ్య, పీడ వదిలింది, అనుకుంది జ్యోతిరాణి.

వేదిక మీద ప్రొజెక్టర్ వైర్లతో కుస్తీ పడుతున్న ఇక్రా కాసేపటికి బయటికి వచ్చింది. పక్క గదిలో నమాజు ముగించుకుని తల్లి ఆబిదా కూడా వచ్చింది.

“భూమన్న తాత రాలేదా మేడం?”

“ఏ కారూ రాలేదమ్మా.”

“కారా? ఆయన బస్సుల వస్తడు మేడం. ధోవతి కడ్తడు. మెడల తువ్వాల ఉంటది.”

జ్యోతిరాణి బల్ల ముందున్న ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చూపింది.

ఇక్రా గబగబా ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. అవతల బస్సు చప్పుడు.

“ఏడున్నవు తాతా?”

“బోధన్ బస్సెక్కిన బిడ్డా. వచ్చిన, నీ ఆట ఆడిన. ఆడ మేడం నన్ను గుర్తువట్టింది. లెవ్వుమన్నది. ఆమె తప్పేం లేదు, ఏమనకుండ్రి.”

ఫోన్ పెట్టేశాడు.

“నేను గుర్తుపట్టుడేంది? ఆయన మొహమే నేనెన్నడు చూడలేదు!” అంది జ్యోతిరాణి.

“ఈ ఆట నా తెలివి కాదు మేడం” అంది ఇక్రా. “చెరుకు కొట్టే రోజులల్ల ఆయన రోడ్డు మీద నిలవడి, వచ్చే ప్రతి ట్రాలీని ఆపుతడు. పిలగాళ్లకు గడలిప్పిస్తడు. డ్రైవర్లు బూతులు తిట్టినా కదలడు. ఆయన్ని చూసే నేను చేసిన.”

“ఎవరమ్మా ఆయన? మీకేమైతడు?”

ఇక్రా తల్లి వైపు చూసింది. ఆబిదా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“ఏం గాడమ్మా. ఎన్ని మాట్లు పిలిచినా మా గడప తొక్కలే. నా బిడ్డకు బహుమతి నువ్వే ఇయ్యాలె అని నేనే బతిమాలి ఒప్పించిన. మా ఆకిబ్ మీదికెళ్లి పోయిన ట్రాలీ తోలింది ఆయనే.”