ఆలస్యమైంది, అంతే

"పోయిందప్పా, పోయింది! కడుపు పోయింది!"

తిరుపతి బస్టాండు ఉలిక్కిపడింది.

పలమనేరు బస్సు కండక్టరు చిన్నబ్బకు చెవులు అంతంత మాత్రం. "ఏ కవరమ్మా? గుడ్డదా, ప్లాస్టిక్కుదా?" అంటూ సీట్ల కింద వెతకడం మొదలుపెట్టాడు.

కొండ దిగి వచ్చిన నాలుగు గుండ్లు తమ లడ్డు కవర్లను గుండెలకు హత్తుకున్నాయి.

"కవరు కాదు నాయనా, కడుపు! నా మనవడు! ఇదిగో, ఇది పోగొట్టింది!" మునిరత్నమ్మ కోడలి భుజం పట్టి ముందుకు తోసింది.

వెతుకులాట ఆగింది. అందరూ పవిత్ర వైపు తిరిగారు, దొంగ దొరికినట్టు. పెళ్లయి ఏడాది నిండని పిల్ల. ఒక చేత్తో బట్టల సంచి, ఇంకో చేత్తో పొత్తికడుపు పట్టుకుని నిలబడింది.

మొగుడు మునిప్రసాద్ శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు. ఫోను గేటు దగ్గరే పెట్టి లోపలికి పోవాలి. పెళ్లాన్ని పుట్టింటికి తోలేస్తున్నారని అతనికి ఇంకా తెలియదు. మామ పరంధామయ్యకు తెలుసు. తెలుసు కాబట్టే, భార్య గొంతు లేవగానే "నీళ్ల బాటిలు తెస్తా" అని జారుకున్నాడు.

"పోయేదానికి ఉంటే కదత్తా?" అంది పవిత్ర. "కిట్టు తెచ్చి సూసినాను. రెండు గీతలు రావాల. ఒగటే వచ్చింది. ఆపొద్దే నీకు చెప్పినాను."

"గీతంట గీత! నీ రాత! వీధంతా చక్కెర పంచినాను నేను. ఇప్పుడు ముట్టయినావంటే ఏ మొగం పెట్టుకోని తిరగాల? స్కూటరెక్కొద్దంటే ఎక్కినావు. బొప్పాయి తినొద్దంటే..."

"తినలేదత్తా."

"వాసన సూసుంటావు!"

మన ఇళ్ల న్యాయమే అంత. ఆడపిల్లకు నెలసరి వస్తే మూల, రాకపోతే మేళం. రెండింటికీ మధ్య ఆ పిల్లను ఒక్క మాట అడిగేవాళ్లుండరు.

బెంచీ చివర జుట్టు నెరిసిన ఒకామె కూర్చుని ఉంది. అంతసేపూ బస్సునే చూస్తున్న ఆమె ఇటు తిరిగింది.

"ఆలస్యమెందుకైంది పాపా? మాత్రలేమన్నా మింగినావా?"

పవిత్ర తలూపింది. "కొండకి నడిసి పోవాలని ఒగసారి. గంగమ్మకి పొంగళ్లు పెట్టాలని ఇంగోసారి. ముట్టు రాకుండా ఆపేదానికి."

"ఎవురిచ్చినారు?"

పవిత్ర అత్త వైపు చూసింది.

"అవును, నేనే ఇచ్చినా!" మునిరత్నమ్మ కొంగు దోపింది. "ముట్టుతో కొండెక్కమంటావా? అంటుతో అమ్మోరికి పొంగలి పెట్టమంటావా?"

బెంచీ మీది ఆమె లేచి నిలబడింది. గొంతు మాత్రం పెంచలేదు.

"ఆపించిందీ నువ్వే, రాలేదని చక్కెర పంచిందీ నువ్వే! మాత్ర మింగించినామెకి ఆ మాత్రం తెలీదా? మాటిమాటికీ మింగిస్తే నెల అటూ ఇటూ అయితాది. ఆలస్యమైతే కడుపయినా కావచ్చు, కాకపోవచ్చు. దానికే కదా ఆ పిల్ల పరీక్ష చేసుకున్నింది! లేదని వచ్చినాక డాక్టరమ్మ దగ్గిరికి తీసకపోవాల. బస్టాండుకా తెచ్చేది?"

ఒక గుండు కిసుక్కున నవ్వింది. మునిరత్నమ్మకు ఒళ్లు మండింది.

"నువ్వెవురే నడమల? నీకెంతమంది పిల్లోళ్లు?"

నెరిసిన జుట్టామె మళ్లీ బస్సు వైపు తిరిగింది.

"లేరు కదా! సూసినారా? గొడ్రాలికేం తెలుస్తాది కడుపు బాధ! నేను కాపరానికి రాకముందు మా ఆయనకి మొదటి పెండ్లాం ఒకతి ఉన్నింది, తాయమ్మంట. అదీ ఇట్నే కడుపు పోగొట్టుకున్నింది. మా అత్త ఈ పలమనేరు బస్సే ఎక్కిచ్చి పంపించేసింది. ఇదీ అదే బస్సు ఎక్కాల!"

నెరిసిన జుట్టామె పవిత్ర చేతిలోని సంచి లాక్కుని మునిరత్నమ్మ కాళ్ల దగ్గర పెట్టింది.

"కండక్టరూ, ఈ పాప ఎక్కదు. నేనొక్కదాన్నే."

చిన్నబ్బకు ఈసారి అంతా వినపడింది. తనకు వినపడిందంటే ఊరందరికీ చెప్పడం అతని అలవాటు. ఫుట్‌బోర్డు మీద నిలబడి కేక పెట్టాడు.

"అందురూ ఇనండప్పా! కవరూ పోలేదు, కడుపూ పోలేదు! కడుపు రానే లేదు! అత్త మాత్రలు మింగించింది, కోడలికి నెల ఆలస్యమైంది. అంతే!"

పూలమ్మే ఆమె అందుకుంది. "చక్కెర పంచినావు కదక్కా, ఇంటింటికీ పోయి ఈ మాట కూడా పంచు!"

మునిరత్నమ్మ కొంగు మొగానికి అడ్డం పెట్టుకుంది.

నెరిసిన జుట్టామె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. కిటికీలోంచి ఆమె తల బయటికి పెట్టింది.

"పాపా, ఎవురెక్కమన్నా ఎక్కొద్దు. ఒకసారి ఎక్కితే, మళ్లీ వచ్చేదానికి ఇల్లుండదు."

అప్పుడొచ్చాడు పరంధామయ్య, నీళ్ల బాటిలు పట్టుకుని. కిటికీలో ఆ ముఖం చూసి ఆగిపోయాడు. తర్వాత బాటిలు చాపుతూ బస్సు వెంట పరిగెత్తాడు. ఆమె ఆయన్ను చూసింది. కిటికీ మూసేసింది.

"ఎవురయ్యా ఆ గొడ్రాలు? ఆమె యెనకాల పరిగెత్తతావు!" అంది మునిరత్నమ్మ.

పరంధామయ్య కోడలి సంచి తన భుజాన వేసుకున్నాడు.

"తాయమ్మ" అన్నాడు.