సర్దుడుమర

ఆ రోజుల్లో కాకినాడలో సర్దుడుమర లేని ఇల్లు లేదు. ఇల్లు సర్దిపెట్టే ఆ యంత్రం ఇల్లాలి మొహం చూసి, ఆమెకు ఏ వస్తువు అక్కర్లేదో కనిపెట్టి, ఎవరినీ అడక్కుండా పట్టుకుపోయేది. భుజంగరావు ఇంట్లో మొదట పాత పేపర్లు పోయాయి, తరవాత పగిలిన బకెట్లు. ఇల్లు విశాలమైందని ఆయన సంబరపడ్డాడు. ఆపైన ఆయన పడక్కుర్చీ పోయింది. మర్నాడు చెప్పులు, ఆ మర్నాడు కళ్లజోడు. ఆదివారం పొద్దున బీరువా తీసి చూస్తే ఆయన చొక్కా ఒక్కటీ లేదు.

ఆయన వంటింట్లోకి వెళ్లాడు.

"అరుంధతీ, నా సామాను తీసెయ్యమని దానికి నువ్వే చెప్పావా?"

భార్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. "నేను దానితో ఒక్క మాటా అనలేదండీ. ఈ ఇరవై రెండేళ్లలో మీతో మాత్రం ఏమన్నాను?"

భుజంగరావు ఎన్నడూ లేనిది ఆమె పక్కన నేలమీద కూలబడి, తనూ ఓ చిక్కుడుకాయ అందుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు. వింటాను."

అరుంధతి చెయ్యి ఆగింది. తలెత్తి ఆయన్ని చూసింది. ఆ చూపులో ఏముందో ఆయనకు అంతుపట్టలేదు. ఆమె మొహం చూసి మనసు తెలుసుకోవడం ఆయన ఏనాడూ నేర్చుకోలేదు. మర మాత్రం గుమ్మంలోకి వచ్చి, ఆ మొహంకేసే చూస్తూ నిలబడింది.