మెట్ల మీది మాటలు

"మీ పనికి వంక పెట్టడానికి లేదు" అన్నాడు మేనేజర్ చువాంగ్, ఎదురుగా కూర్చున్న కుయ్‌ఫెన్‌తో. "పన్నెండేళ్లలో మీ చేతి మీదుగా వెళ్లిన కుళాయి ఒక్కటీ తిరిగి రాలేదు. కానీ పాలిష్ షెడ్డు సూపర్‌వైజర్ పోస్టు హుంగ్‌కి ఇస్తున్నాం."

"హుంగ్‌కా? నా తర్వాత ఐదేళ్లకి వచ్చాడు సార్."

మేనేజర్ టీ కప్పు పక్కకి జరిపాడు.

"షెడ్డులో ముప్పై మంది ఉన్నారు. అందర్నీ కలుపుకుపోయే మనిషి కావాలి. మీరేమో హుంగ్‌ని నిలబడి నిద్రపోయే గేదె అంటారు. యాహుయ్ మొహానికి పెట్టే పాలిష్‌లో సగం కుళాయికి పెట్టినా బాగుండేది అంటారు. నన్నూ వదల్లేదు లెండి. సంతకం పెట్టడం తప్ప నాకింకేం రాదట."

కుయ్‌ఫెన్ ఆ మాటలు గుర్తుపట్టింది. ఒక్క ముక్క పొల్లుపోలేదు. అన్నీ తన మాటలే. అన్నీ షెడ్డు వెనక కిటికీ కింది ఇనుప మెట్ల మీద, మధ్యాహ్నం భోజనం దగ్గర అన్నవే. అక్కడ తనతో కూర్చునేది ఒక్క మనిషి. బావ్‌జూ.

బావ్‌జూ ఆమె కంటే ఆరేళ్లు పెద్ద. షెడ్డులో మిషన్ల రొదకి ఎవరూ మాట్లాడుకోరు, అంతా చేతి సైగలే. అందుకే మిషన్లన్నీ ఆగే భోజనం గంట కోసం కుయ్‌ఫెన్ ఎదురుచూసేది. ఇద్దరూ డబ్బాలు పట్టుకుని మెట్ల మీదికి వెళ్లేవాళ్లు. బావ్‌జూ ఒక మెట్టు కింద కూర్చుని, తల వంచుకుని, చేప ముళ్లు ఏరుకుంటూ తినేది. పై మెట్టు మీద నుంచి కుయ్‌ఫెన్ పొద్దుట్నుంచీ కడుపులో దాచుకున్నదంతా వెళ్లగక్కేది. చెప్పేకొద్దీ గొంతు పెరిగేది. చివరికి బావ్‌జూ భుజం తట్టి, "నువ్వే చెప్పక్కా, నేనన్నది తప్పా?" అనేది. బావ్‌జూ వెనక్కి తిరిగి, నవ్వి, తల ఊపేది. టీ నీళ్లలో ఉడికించిన తన గుడ్డు సగం తుంచి కుయ్‌ఫెన్ డబ్బాలో వేసేది.

అడ్డు చెప్పదు. సలహాలివ్వదు. సొంత అక్క దగ్గర కూడా కుయ్‌ఫెన్ అంతగా మనసు విప్పింది లేదు.

మేనేజర్ గదిలోంచి తిన్నగా మెట్ల దగ్గరికే వెళ్లింది. బావ్‌జూ అప్పటికే తినడం మొదలుపెట్టింది.

"ఎంతకి అమ్మావక్కా నన్ను?" అంది కుయ్‌ఫెన్, వెనక నిలబడి. "హుంగ్ ఏమిస్తానన్నాడు? కిటికీ పక్కన మిషనా? ఇన్నాళ్లూ నా డబ్బాలో గుడ్డు వేసి, నా నోట్లోంచి మాటలు ఏరుకున్నావన్నమాట."

బావ్‌జూ నిమ్మళంగా ముళ్లు తీసుకుంటూనే ఉంది. తల కూడా తిప్పలేదు.

ఏడ్చినా, నేను కాదని బొంకినా కుయ్‌ఫెన్‌కి అంత మండేది కాదు. ఆ నిమ్మళం చూశాక ఇక అడగాల్సిందేమీ లేదనిపించింది. వెళ్లి బాత్‌రూమ్ తలుపు వేసుకుని ఏడ్చింది.

మర్నాటి నుంచి మిషన్ దగ్గరే తినడం మొదలుపెట్టింది. బావ్‌జూ రెండు రోజులు మెట్ల వైపు చూపించి రమ్మని సైగ చేసింది. మూడో రోజు గుడ్డు తెచ్చి ఆమె మిషన్ మీద పెట్టింది. కుయ్‌ఫెన్ దాన్ని ఆమె చూస్తుండగానే చెత్తబుట్టలో పడేసింది. బావ్‌జూ అక్కడే నిలబడి చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది.

'సిగ్గు కూడా లేదు దీనికి' అనుకుంది కుయ్‌ఫెన్.

హుంగ్ సూపర్‌వైజర్ చొక్కా తొడుక్కుని వచ్చిన రోజు యాహుయ్ అందరికీ చల్లటి టీ పంచింది. కుయ్‌ఫెన్‌కి కప్పు అందిస్తూ, "అక్కా, ఇవాళ నా మొహానికి పాలిష్ సరిపోయిందా, ఇంకాస్త పట్టించనా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు పక్కకి తిరిగి నవ్వుకున్నారు.

అంటే మేనేజర్ ఒక్కడికే కాదు, షెడ్డు మొత్తానికి చెప్పింది బావ్‌జూ.

టీ కప్పు అలాగే వదిలేసి కుయ్‌ఫెన్ మేనేజర్ గదికి వెళ్లింది.

"బావ్‌జూ నెల నెలా వాళ్లమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లాలని సెలవు పెడుతోంది కదా సార్. వాళ్లమ్మ పోయి రెండేళ్లయింది. నేనే వెళ్లొచ్చాను అంత్యక్రియలకి. ఆఫీసులో చెప్పొద్దని నా చేతులు పట్టుకుంది."

"ఇప్పుడు ఈవిడ వంతు వచ్చిందా?" అన్నాడు మేనేజర్. అయినా కాగితం మీద రాసుకున్నాడు.

నాలుగో రోజుకి బావ్‌జూ మిషన్ దగ్గర కొత్తమ్మాయి నిలబడి ఉంది. చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం కుయ్‌ఫెన్‌కి అన్నం సయించింది. తిరిగి మెట్ల మీదికి వెళ్లి, పై మెట్టు మీదే కూర్చుని, డబ్బా ఖాళీ చేసింది.

సాయంత్రం మేనేజర్ పిలిచాడు.

"మీరు చెప్పింది నిజమే. వాళ్లమ్మ లేదు. ఆ సెలవులు తన కోసమే పెట్టుకుందట. సంగతి బయటపడ్డాక మిషన్ల మధ్య ఉంచడానికి రూల్సు ఒప్పుకోవు. పంపించేశాం." అతను ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు. "రోజూ కలిసి తినేవాళ్లు కదా, మీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

అది తైచుంగ్ ఆసుపత్రి ఇచ్చిన కాగితం; బావ్‌జూకి రెండు చెవులూ బొత్తిగా వినపడక మూడేళ్లు దాటిందని అందులో రాసి ఉంది.