నలభై ఒకటో పాట

చనిపోయిన తండ్రి పాడుకున్న నలభై పాటలు పాత ఫోనులోంచి కొత్తదానిలోకి ఎక్కించమని అడిగింది పక్కింటి అమ్మాయి. "వేరే ఎక్కడా లేవు. పోగొట్టావంటే నాన్నే వచ్చి అడుగుతాడు, బాబాయ్!"

చీకటి పడ్డాక ఫోన్ల కొట్టాయన షట్టరు దించుకుని ఆ పనిలో కూర్చున్నాడు. పరధ్యానంలో కాపీకి బదులు కట్ నొక్కాడు. పాత ఫోను ఖాళీ అయిపోయింది. గబగబా కొత్తదాన్ని తెరిచాడు. కొత్తదానిలో పాటలు కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. లెక్కపెట్టాడు. నలభై ఒకటి.

చివరిది నొక్కాడు. పాట లేదు. తన కొట్లో ఫ్యాను కిర్రుమంటున్న చప్పుడు, దాని వెనక ఎవరిదో ఊపిరి. లేచి ఫ్యాను కట్టేశాడు. ఫోనులోనూ ఫ్యాను ఆగింది. ఊపిరి ఆగలేదు.

బయట అమ్మాయి షట్టరు తట్టింది. "అయిందా బాబాయ్?"

ఆయన ఫోను ఆపబోయాడు.

"వస్తున్నానమ్మా," అంది ఫోనులో వాళ్ళ నాన్న గొంతు.