జాజికి పథ్యం

జాజి క్యారెట్ ముక్కను ముక్కుతో పట్టుకుని, ఒకసారి ఆశ వైపు చూసి, పంజరం బయటికి విసిరేసింది. వెనకే చిలగడదుంప ముక్క. ఆ వెనక మునగాకు రెమ్మ. గిన్నెలో మిగిలిన మొలకెత్తిన పెసలను కాలితో కెలికి, పొద్దుతిరుగుడు గింజలు ఎక్కడ దాచావన్నట్టు అరిచింది.

ఆశ ముక్కలన్నీ ఏరి, కడిగి మళ్ళీ గిన్నెలో వేసింది. ఈ పూట కూడా తినకపోతే ఎలా?

జాజి ఆమె తల్లి భాగీరథమ్మ పెంచుకున్న చిలక. బూడిదరంగు ఒళ్ళు, ఎర్రతోక, విదేశీ జాతి. దేవనహళ్ళిలో తల్లి పోయాక పంజరం కాడుగోడికి, ఆశ అత్తవారింటికి వచ్చింది. పొద్దున్నే "ఆశా, లేస్తివా" అని పిలుస్తుంది, అచ్చం భాగీరథమ్మ గొంతుతో. తల్లి గొంతు ఫోన్లో కూడా ఎక్కడా దాచుకోలేదు ఆశ. ఉన్నదల్లా ఈ చిలక దగ్గరే. ఇది పోతే అదీ పోతుంది.

ఈ గొడవంతా మొదలుపెట్టింది మామ చిక్కమునియప్ప. ఒకనాడు అన్నం తిని చెయ్యి కడుక్కుని, పంజరం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎప్పుడూ గింజలేనా దీనికి అని అడిగాడు. అమ్మ అవే పెట్టేదని చెప్పింది ఆశ. మర్నాడు ఆయన తన కూరగాయల అంగడి మూసేసి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పక్షుల డాక్టరు ఉందట, అడిగొస్తానన్నాడు. ఆ ట్రాఫిక్‌లో తిప్పితే జాజి బెదిరిపోతుందని ఆశ పంజరం ఇవ్వలేదు. ఫోన్లో ఫోటో చూపిస్తే చాల్లే అని ఆయనే సర్దిచెప్పి బస్సెక్కాడు.

తిరిగొచ్చేసరికి ఆయన మొహంలో కళ లేదు.

"ఫోటో చూస్తానే అడిగినాదమ్మా, ఎన్నాళ్ళ నుంచి ఇట్ల ఉండాదని. లోపల్లోపలే ఎండిపోతా ఉండాది. ఇట్లనే వదిలేస్తే మన చెయ్యి దాటిపోతాది."

ఆశ గోడ పట్టుకుని కూలబడింది. ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చి, డాక్టరు చెప్పిన పథ్యం అప్పజెప్పాడు. గింజల్లో కొవ్వు తప్ప ఏమీ లేదు, అవి మురిపానికి నాలుగు మాత్రమే. రోజూ పక్షుల మేత గుళికలు, ఆకుకూర, కూరగాయలు, మొలకలు, కొంచెం పండు. ఉప్పు, నూనె, కాఫీ, చాక్లెట్ తగలకూడదు. బటర్‌ఫ్రూట్, అదే అవకాడో పండు, అయితే విషమే. అన్నీ ఒక్కసారే మార్చకుండా మెల్లగా అలవాటు చెయ్యాలి.

"ఇంకోటి ఉండాది," అన్నాడు తువ్వాలు దులుపుకుంటూ. "ఇది ఒంటరిగా తినే జాతి కాదంట. దానికి ఇష్టమైన మనిషి ఎదురుగా కూర్చోని కడుపు నిండా తింటేనే అదీ తింటాదంట. నువ్వే కూర్చోవాల."

ఆ ఇంట్లో ఆశ తింటుండగా చూసినవాళ్ళు లేరు. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, ఆఖర్న వంటింట్లో నిలబడే ఏదో ఇంత నోట్లో వేసుకోవడం పెళ్ళైనప్పటి నుంచీ అలవాటు. ఈమధ్య ఆ ఏదో కూడా ఆమెకు గుర్తుండటం లేదు. అలాంటిది హాల్లో, మామ ఎదుట, కంచం ముందేసుకుని కూర్చోవాలంటే సిగ్గుతో చచ్చిపోయింది. కానీ జాజి ప్రాణం కదా. కూర్చుంది.

ముద్ద గొంతు దిగేది కాదు. చిలక తననే చూస్తోందని మింగేది. పెళ్ళి పంక్తిలో కూడా నీకింత మర్యాద జరగలేదని మొగుడు మునీంద్ర వేళాకోళం చేస్తే, పక్షి ప్రాణం మీదికొస్తే నవ్వులాటా అని కసిరింది. మామ మధ్యాహ్నం అంగడి నుంచి ఫోన్ చేసి ఏం తిన్నావని అడిగేవాడు. జాజి ఏం తిన్నదో ఆశ చెప్పబోతే, ముందు నీ సంగతి చెప్పమనేవాడు. డాక్టరు మాట మీద ఈయనకున్న పట్టుదల చూసి ఆమెకు భయం ఇంకా ఎక్కువయ్యేది.

ఒకరోజు జాజి మునగాకు రెమ్మను విసిరెయ్యకుండా కొరికింది. ఎక్కడ వదిలేస్తుందోనని ఆశ గబగబా మారు వడ్డించుకుంది. మెల్లగా క్యారెట్, ఆ తర్వాత పెసలు కూడా అలవాటయ్యాయి. హమ్మయ్య అనుకుంది.

అంతలో ఒకరోజు పొద్దున్నే పిలుపు వినిపించలేదు. జాజి ఈకలు ఉబ్బించుకుని మూలకు ముడుచుకుంది. పంజరం నిండా రాలిన ఈకలు. మామ అప్పటికే సంతకు వెళ్ళిపోయాడు. ఆయనకు చెప్పే ధైర్యం కూడా లేక, ఆశ పంజరానికి దుప్పటి కప్పి ఆటో ఎక్కింది. దారి పొడుగునా దుప్పటి ఎత్తి ఊపిరి ఉందో లేదో చూస్తూనే ఉంది.

డాక్టరు ఫర్హానా కర్నూలు అమ్మాయి. రెక్కలు విప్పి చూసింది, బరువు తూచింది, ముక్కు కింద నిమిరింది. పాత ఈకలు రాలి కొత్తవి వచ్చే టైమ్ అని, నాలుగు రోజులు ఇలాగే డల్‌గా ఉంటుందని, పక్షి బంగారంలా ఉందని చెప్పింది.

ఆశకు ఏడుపు ఆగలేదు. కాడుగోడి నుంచి వచ్చిన కూరగాయల అంగడి పెద్దాయన తన మామ అని, ఆరోజు పథ్యం చెప్పకపోయుంటే అమ్మ గొంతు తనకు దక్కేది కాదని చెప్పి చేతులు జోడించింది. డాక్టరుకు ఆయన గుర్తొచ్చాడు. చిలకలు ఏమేం తినాలో ఒక్కటీ వదలకుండా అడిగి వెళ్ళాడని చెప్పింది.

"ఆరోజు ఫోటోలో చూసినదానికి, ఇప్పటికీ తేడా తెలుస్తోందా డాక్టర్?"

డాక్టరు జాజిని పంజరంలోకి వదిలి, తలుపు వేసి, ఆశ మొహంలోకి చూసింది. చాలా తేడా ఉందని నవ్వింది.

"ఆయన చూపించింది మీ ఫోటో అమ్మా."