నెమలి కాళ్ళు

"ముందు కాళ్ళు వెయ్యండి. నెమలి ఎగిరిపోదు."

వెంకోబారావు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పి, నల్లబల్ల మీద సుద్దముక్కతో రెండు కాళ్ళు గీశాడు.

గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు.

ఒక ముసలామె. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. కుడిచెయ్యి చచ్చుబడి వేలాడుతోంది.

వెంకోబారావుకు ఆ నవ్వు నచ్చలేదు. ఈ మధ్య ఆయనకు ఏదీ నచ్చడం లేదు. ఆదోని బడిలో ఇరవై ఏళ్ళుగా డ్రాయింగు మాస్టరు. ఈలోగా ఆంధ్ర రాష్ట్రం కూడా వచ్చింది. పిల్లల వంకర గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. గీత కుదిరిన ఒక్కడూ పత్తి మిల్లులో గుమాస్తా అయ్యాడు.

గంట కొట్టాక బయటికొచ్చాడు.

"ఏం కావాలమ్మా?"

"నా మనవరాలికి బొమ్మలు నేర్పియ్యాల సామీ. తల్లి పోయినప్పట్నుంచి ఒకటే ఏడుపు. బొమ్మేస్తే ఊరుకుంటాది. నేనే దిద్దిస్తాంటి. సెయ్యి పడిపాయ."

"ఏడుపు మాన్పడానికా చిత్రలేఖనం?"

"ఇంక దేనికి సామీ?"

ఆయనకు ఒళ్ళు మండింది.

"ఇది నేర్పితే వచ్చేది కాదమ్మా. పుట్టుకతో రావాలి."

ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"మీకెవురు నేర్పినారు సామీ?"

"ఎవరూ నేర్పలేదు. దానంతట అదే వచ్చింది."

"అట్లనా."

మనవరాలి మాట మళ్ళీ ఎత్తలేదు. ఎడమచేత్తో కొంగు తీసి కళ్ళు తుడుచుకుంది.

"సల్లగుండు నాయనా" అని బస్టాండు వైపు నడిచింది.

సాయంత్రం ఇంట్లో అక్క కృష్ణాబాయి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆయన విసుగ్గా ఆ సంగతి చెప్పాడు.

"గడ్డం మీద మూడు చుక్కలా?" ఆమె చేట పక్కన పెట్టింది. "ఏ ఊరంటరా?"

"అడగలేదు."

"అయ్యో! ఆస్పరి, మద్దికెర అంతా వెతికిస్తిని కదరా ఆమె కోసం! పేరన్నా అడగకపోతివా?"

"ఎవరక్కా ఆమె?"

"భీమక్క. అమ్మ మంచాన పడినప్పుడు నీకు మూడేండ్లు. ఎవరెత్తుకున్నా నీ ఏడుపు ఆగేది కాదు. మనింట్లో పనికుండె ఆమె. నిన్ను దొడ్లో ఒళ్ళో కూచోబెట్టుకొని, నీ వేళ్ళు పట్టుకొని ముగ్గుపిండితో నెమళ్ళు వేయిస్తాండె."

వెంకోబారావు తన వేళ్ళకు అంటిన సుద్దపొడి వైపు చూసుకున్నాడు.

కృష్ణాబాయి కళ్ళు తుడుచుకుంది.

"'ముందు కాళ్ళెయ్యి నాయనా, నెమలి ఎగిరిపోదు' అంటాండె."